అక్క నడక

సినిమాలో హీరో నడిచొస్తుంటే ఆ టకటకలు హీరోవే అనుకునేవాళ్లను చూస్తే చెప్పులాయనకు నవ్వొచ్చేది. హీరో కెమెరా ముందు నాలుగడుగులు వేసి కారెక్కి వెళ్లిపోతాడు. చుట్టూ ఉన్న జనం గోలలో అప్పుడు పట్టిన శబ్దం దేనికీ పనికిరాదు. ఆ తర్వాతెప్పుడో, కిటికీలు లేని ఓ గదిలో, తెర మీది కాళ్ల వంక కళ్లార్పకుండా చూస్తూ, బట్టతలా బానపొట్టా ఉన్న ఓ మనిషి ఆ అడుగులన్నీ తన కాళ్లతో మళ్లీ వేస్తాడు. హీరోవే కాదు, విలన్‌వీ, పోలీసులవీ, పెళ్లికూతురివీ, చివరికి గుర్రానివీ ఆయనే వేస్తాడు. గోడ పొడవునా అరల్లో పేర్చుకున్న పాత చెప్పులూ బూట్లూ చూసి స్టూడియోలో అందరూ ఆయన్ని చెప్పులాయన అనేవాళ్లు. ఆ పేరు విని ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు.

ఆ గది నేలంతా గళ్లు గళ్లుగా ఉంటుంది. ఒక గడిలో కంకర, ఒక గడిలో ఇసుక, ఇంకోదాంట్లో సిమెంటు పలక, మధ్యలో నేలకు పరిచిన పొడవాటి చెక్క బల్లలు. గోడలకు దళసరి మెత్తలు. ఒక మూల బుట్టలో క్యారెట్లుంటాయి, అవి ఎముకలు విరిగే చప్పుడు కోసం. తలుపు పక్కన మేకుకు రెండు గాజులు వేలాడుతుంటాయి. అవి అక్కవి. పనిలోకి దిగేముందు తీసి అక్కడ తగిలించేది. ఒక రోజు తగిలించాక మళ్లీ వేసుకునే అవకాశం ఆమెకు రాలేదు, తీసే ధైర్యం ఇంకెవరికీ రాలేదు.

గది కొసన పెద్ద అద్దం. అద్దానికి ఇవతల నడిచే మనిషి, అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినే మనిషి. ఇప్పుడు నడిచేది చెప్పులాయన, వినేది ఆయన మేనకోడలు చిట్టి. వెనకటికి నడిచేది అక్క, వినేది ఆయన. అసలు ఈ విద్య ఇంటికి తెచ్చింది అక్కే. చిట్టి కడుపులో ఉండగానే మొగుడు పోతే, మూల కూర్చుని ఏడవకుండా స్టూడియోలో పనికి కుదిరింది. పనీపాటా లేకుండా తిరుగుతున్న తమ్ముణ్ణి చెవి పట్టుకుని లాక్కొచ్చి, ఆ చెవులకే హెడ్‌ఫోన్లు తగిలించింది.

అక్క ఏ నడకైనా నడిచేది గానీ, ఆమెకు పేరు తెచ్చింది దయ్యం నడక. మనిషి ఎలా నడిచినా, తాగి తూలినా సరే, అందులో ఒక వరస ఉంటుంది. రెండడుగులు వింటే మూడోది ఎప్పుడు పడుతుందో చెవికి ముందే తెలిసిపోతుంది. అక్క దయ్యం నడకలో అది తెలిసేది కాదు. ఒకటి పడేది, దాని మడమ తొక్కుతూ ఇంకొకటి పడేది, ఆ తర్వాత ఏమీ లేదు. ఇక రాదులే అని ఊపిరి వదిలేవేళకు మూడోది పడేది. హాల్లో జనం కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయేవాళ్లు.

"ఎలా చేస్తావక్కా?" అని తమ్ముడు ఎన్నోసార్లు అడిగాడు.

"నేనేం చెయ్యను, అదే వస్తుంది. నువ్వు నోరు మూసుకుని మీట నొక్కు" అనేది.

ఆ నడక నడిచేటప్పుడు మాత్రం ఎడమ మణికట్టును కుడిచేత్తో గట్టిగా పట్టుకునేది. గాజుల చప్పుడు మైకులో పడకుండా పట్టుకుంటోందని ఆయన అనుకునేవాడు. ఆ గదిలో పనిచేసే వాళ్లెవరైనా అలాగే అనుకుంటారు. జేబులో తాళాలు, మెళ్లో గొలుసు, కడుపులో ఆకలి, ఏది మోగినా అక్కడ శత్రువే.

అక్క కూలిపోయింది కూడా ఆ బల్లల మీదే. దాచిన సంగతేం కాదు, స్టూడియోలో వాచ్‌మన్ దాకా అందరికీ తెలుసు. ఓ సినిమాకి దయ్యం నడక నడుస్తూ నడుస్తూ కుడికాలు కొద్దిగా ఈడ్చింది. హెడ్‌ఫోన్లలో ఆ ఈడ్పు విన్న తమ్ముడికి ఒళ్లు జలదరించింది. మీట నొక్కి, "అద్భుతం అక్కా! ఆ ఈడ్పు అలాగే ఉంచు. ఇంకోసారి!" అన్నాడు. అక్క అద్దం వైపు తిరిగి ఏదో చెప్పబోయింది. నోరు ఒక పక్కకు జారింది. మోకాళ్ల మీద కూలబడి, అక్కణ్ణుంచి పక్కకు ఒరిగింది. మెదడులోకి రక్తపు గడ్డ వెళ్లిందని ఆస్పత్రిలో చెప్పారు. అది ఎక్కడ పుట్టి అక్కడికి వెళ్లిందని అడిగే స్థితిలో ఇంట్లో ఎవరూ లేరు.

ఆ రోజు నుంచి ఆయన అద్దం అవతలి కుర్చీలో కూర్చోలేదు. అక్క చోటికి వచ్చి నిలబడ్డాడు. 'ఇంకోసారి' అన్న మాట ఆ గదిలో ఆయన నోట మళ్లీ రాలేదు. "ఇది కుదర్లేదు" అంటాడు, "మళ్లీ చూద్దాం" అంటాడు, ఆ ఒక్క మాట మాత్రం గొంతు దాటదు. అక్క పాత రికార్డింగులు మటుకు సినిమా తర్వాత సినిమాలో వాడుతూనే ఉన్నారు. మనిషి పోయినా కాళ్లకు తీరిక లేకపోయింది.

ఆ అడుగులు ఆయన ఇంట్లో మొదటిసారి వినబడింది ఓ మధ్యాహ్నం పూట. అన్నం తిని, ఎడమవైపు తిరిగి పడుకున్నాడు. కళ్లు మూతపడుతుండగా పైన ఎవరో నడుస్తున్న చప్పుడు. ఈ వేళప్పుడు మేడ మీద ఎవరబ్బా అని విసుక్కున్నాడు. ఆ ఇంటికి మేడ లేదన్న సంగతి కాసేపటికి గాని గుర్తురాలేదు.

చెవులు రిక్కించాడు. ఒకటి పడింది. దాని వెంటే ఇంకొకటి. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాత మూడోది. చప్పుడు పైనుంచి రావడం లేదు, దిండులోంచి వస్తోంది. ఆ నడక ఎవరిదో ప్రపంచంలో ఇంకెవరికి తెలియకపోయినా ఆయనకు తెలుసు.

"అక్కా?" అన్నాడు మెల్లిగా.

దయ్యాలు తన గదిలోనే తయారవడం చూసిన మనిషికి దయ్యాల మీద నమ్మకం ఎలా ఉంటుంది? ఆయనకూ లేదు. అయినా లేచి కూర్చునేసరికి చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. భయంతో వచ్చిన నీళ్లు కావవి. ఆయనకు పట్టరాని సంతోషం కలిగింది.

ఆ తర్వాత అక్క ఎప్పుడు పడితే అప్పుడు రావడం మొదలుపెట్టింది. కూరల సంచీ పట్టుకుని గుమ్మం మెట్లెక్కుతుంటే వచ్చేది. బస్సులో నిలబడి ఉంటే వచ్చేది. వచ్చినప్పుడల్లా ఊపిరి అందేది కాదు, మోకాళ్లు నీరుగారిపోయేవి, గుండె గొంతులోకి ఎగదన్నేది. ఎక్కడుంటే అక్కడ, ఏ కొట్టు మెట్టు మీదనో చతికిలబడి, చెయ్యి ఛాతీ మీద వేసుకుని వినేవాడు. కొన్నిసార్లు గంట, కొన్నిసార్లు ఒక పూటంతా. పోయిన మనిషి వచ్చి పలకరిస్తుంటే ఆ మాత్రం నలత ఉండదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. చిట్టికి మాత్రం చెప్పలేదు.

పనిలో దొరికిపోయాడు. తెర మీద హీరో కోర్టు మెట్లు దిగుతున్నాడు. చెప్పులాయన బూట్లేసుకుని బల్ల మీద దిగుతున్నాడు. అద్దం అవతలి నుంచి చిట్టి గొంతు ఖంగుమంది.

"మామయ్యా, హీరో రెండు మెట్లు దిగితే నువ్వు మూడు దిగావు. వాడింకా పైనే ఉన్నాడు."

"వాడే లేటు" అన్నాడు ఆయన రొప్పుతూ.

చిట్టి తలుపు తోసుకుని లోపలికొచ్చింది. మామయ్య పెదాల రంగు చూసింది. ఆయన బూట్లు తానే విప్పి, చెప్పులు తొడిగి, ఆస్పత్రికి తీసుకుపోయింది.

అక్కడ మంచం మీద పడుకోబెట్టి ఛాతీకి వైర్లు అంటించారు. పక్కనున్న మిషను గుండె కొట్టుకున్నప్పుడల్లా కీచుమంటోంది. ఆయన పైకప్పు వంక చూస్తూ ఆ కీచులు విన్నాడు. ఒకటి. వెంటనే ఇంకొకటి. ఏమీ లేదు. ఆ తర్వాత మూడోది. గుండె గుభేలుమంది, మిషను ఆ గుభేలుని కూడా పట్టేసి ఇంకో కీచు పెట్టింది.

గుండె డాక్టరు నడివయసు మనిషి, నిదానస్తురాలు. కాగితం మీది గీతలు చూసింది.

"దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారండి. గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా ఊరికే వణుకుతుంటాయి. అందుకే కింద కొట్టుకోవడం వరస తప్పుతుంది. వరసంటూ లేకపోవడమే దీని గుర్తు. నాడి పట్టుకుంటే సగం తెలిసిపోతుంది" అంటూ ఆయన ఎడమ మణికట్టు మీద తన వేళ్లు ఆనించింది. "చూశారా, అక్కడ గుండె కొట్టుకుంటోంది గానీ కొన్ని దెబ్బలు ఇక్కడిదాకా రావట్లేదు. గట్టివే వస్తున్నాయి."

చెప్పులాయన ఆ చేతి వంక చూస్తుండిపోయాడు. మణికట్టు చుట్టూ వేళ్లు. బల్లల మీద అక్క. తలుపు పక్కన మేకుకు గాజులు. పనిలోకి దిగేముందు ఆ గాజులు తీసి తగిలించేది, రోజూ చూశాడు తను. మరి లేని గాజుల్ని ఎందుకు పట్టుకుంటుంది? అక్క పట్టుకున్నది నాడిని. అది ఎలా కొడితే అలా అడుగేసేది. అది ఆగితే ఆగేది. 'నేనేం చెయ్యను, అదే వస్తుంది' అని ఉన్నమాటే చెప్పింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? కొన్ని కుటుంబాల్లో వస్తుంటుంది" అని అడిగింది డాక్టరు.

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. చిట్టి "తెలీదండి" అంది.

"ఆ వణికే గదిలో రక్తం నిలవుండి గడ్డ కడితే, అది మెదడుకి పోయి పక్షవాతం రావచ్చు. అందుకని మీ వయసూ మీ బీపీ చూసి, గడ్డకట్టకుండా ఓ మాత్ర రాస్తున్నాను. అది మాత్రం మానకండి. లయ కోసం ఇంకోటి ఇస్తాను, చూద్దాం."

గడ్డ ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకు ఇన్నేళ్లకు జవాబొచ్చింది. ఇంటికొచ్చే దారిలో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. చిట్టి అది నీరసమనుకుంది.

లయ మాత్రతో అక్క కొన్నాళ్లు రాలేదు. తర్వాత మాత్రను తోసుకుని వచ్చింది. మాత్ర మార్చారు. కొత్తది వేసుకుంటే కళ్లు తిరిగి, నాడి మరీ మందగించి, స్నానాల గదిలో గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. అది కూడా మానిపించి, డాక్టరు వాళ్లిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఇక అబ్లేషన్ గురించి మాట్లాడుకుందామండి. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టాలు గుండెలోకి పంపిస్తాం. ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే నాళాలుంటాయి, ఈ పిచ్చి కరెంటు ఎక్కువగా అక్కడే పుడుతుంది. వాటి మూతుల చుట్టూ చిన్న చిన్న మచ్చలు పెడతాం. పొలం చుట్టూ కంచెలాగా. పుట్టింది అక్కడే ఉండిపోతుంది, గుండెలోకి రాదు."

"ఇది ఉన్నవాళ్లందరికీ చేస్తారా?" అంది చిట్టి.

"చెయ్యం. కొంతమందికి ఇది ఉన్నట్టే తెలీదు, హాయిగా తిరుగుతుంటారు. చాలావరకు వాళ్లకి వేగం అదుపులో పెట్టి, గడ్డకట్టకుండా మాత్రిస్తే సరిపోతుంది. కొంతమందికి ఏళ్ల తరబడి ఆగకుండా ఉండి పై గది బాగా సాగిపోతుంది. వాళ్లకి చేసినా ఫలితం నిలుస్తుందన్న ఆశ తక్కువ. మామయ్య గారిది ఈ రెండూ కాదు. వచ్చి పోతోంది, వచ్చినప్పుడల్లా మనిషిని కూలేస్తోంది. ఒక మందు పనిచెయ్యలేదు, ఇంకోటి పడలేదు. గది ఇంకా పెద్దగా సాగలేదు. చెయ్యాలంటే ఇదే సమయం. ఊరుకుంటే వచ్చి పోయేది కాస్తా వచ్చి ఉండిపోతుంది."

వచ్చి ఉండిపోతుంది. ఆ మాట విన్న చెప్పులాయన ముఖంలో వెలుగులాంటిది కనబడింది. డాక్టరు అది గమనించలేదు గానీ చిట్టి గమనించింది.

"ప్రమాదం లేదా అంటే, లేదని చెప్పను" అంది డాక్టరు. "గుండె చుట్టూ రక్తం చేరడం, పక్షవాతం లాంటివి అరుదుగా జరుగుతాయి. కొందరికి రెండోసారి చెయ్యాల్సి వస్తుంది. చేశాక కూడా గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర ఆపకూడదు."

"చేస్తే ఆ నడక ఆగిపోతుందా?" అన్నాడు ఆయన.

"ఏ నడకండి?"

"అదే, ఈ దడ."

"ఆగాలనే కదా చేసేది."

"ఆలోచించుకుని చెప్తాను" అని లేచాడు.

ఆయన ఆలోచన ఎంతకీ తెమల్లేదు. ఈలోగా దయ్యాల దర్శకుడు ఊడిపడ్డాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నిద్రలేచి వచ్చినట్టుండే మనిషి. ఆయన తీసేవన్నీ దయ్యాల సినిమాలే.

"గురువు గారూ, మీ అక్కగారి అడుగులు వాడివాడి అరిగిపోయాయండీ. జనం గుర్తుపట్టేస్తున్నారు. కొత్త దయ్యం కావాలి. మీరు తప్ప ఇంకెవరిస్తారు?" అని ఒకటే నస.

ఆ రోజు పొద్దుటి నుంచే అక్క వచ్చి ఉంది. చెప్పులాయన అరలోంచి అక్క నల్ల చెప్పులు తీశాడు. తన కాళ్లకు పట్టవు, మడమ సగం బయటే ఉంటుంది. అయినా తొడుక్కుని బల్లల మీదికెక్కాడు. లైట్లు తగ్గాయి. తెర మీద ఖాళీ వసారా ఒకటి కనబడుతోంది. ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకున్నాడు. వేళ్ల కింద దెబ్బ తగిలింది. అడుగు వేశాడు. మళ్లీ తగిలింది. ఇంకొకటి వేశాడు. ఆ తర్వాత ఏమీ లేదు. ఒంటికాలి మీద నిలబడి కాచుకున్నాడు. ఇన్నేళ్లూ ఎంత ప్రయత్నించినా రాని నడక ఇవాళ దానంతటదే వచ్చి కాళ్లలో కూర్చుంది. వెనక ఎవరో తన అడుగులో అడుగు వేస్తున్నారనిపించింది. తిరిగి చూడలేదు. చూస్తే వెళ్లిపోతుందని భయపడ్డాడు.

అయ్యాక దర్శకుడు చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. "నా వెంట్రుకలు చూడండి గురువు గారూ, ఇంకా నిలబడే ఉన్నాయి! ఈ సినిమా అయ్యేదాకా మిమ్మల్ని వదలను."

అద్దం అవతల చిట్టి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. దర్శకుడు వెళ్లాక మామయ్యను రికార్డింగు గది గుమ్మంలోకి పిలిచి, స్పీకర్లలో రెండు ముక్కలు వినిపించింది.

"ఒకటి అమ్మది. ఒకటి ఇందాకటి నీది. ఏది ఎవరిదో చెప్పు."

జీవితమంతా అడుగులు వింటూ బతికిన మనిషి చెప్పలేకపోయాడు.

"చెయ్యెందుకు పట్టుకున్నావు?" అంది చిట్టి.

చెప్పాడు. గాజులు, మేకు, డాక్టరు వేళ్లు, మేడ లేని ఇంట్లో మేడ మీది నడక, అంతా చెప్పాడు.

"అబ్లేషన్ చేయించుకుంటే ఆగిపోతుందన్నారు చిట్టీ. మళ్లీ రాదు" అన్నాడు.

"ఏది?"

"అక్క."

"అది అమ్మ కాదు మామయ్యా" అంది చిట్టి. "అమ్మని తీసుకుపోయింది అది. ఇప్పుడు అమ్మ చెప్పులేసుకుని నీ దగ్గరికొచ్చింది."

ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ అమ్మ గురించి నువ్వా నాకు చెప్పేది? ఆవిడ పక్కన నువ్వున్నావా ఆ రోజు?"

"లేను. అందుకే ఈసారి ఉన్నాను. ఈ కుర్చీలోనే కూర్చుని, హెడ్‌ఫోన్లలో నువ్వు కూలిపోవడం వినాలా నేను? అది వింటే ఎలా ఉంటుందో నీకు తెలుసుగా."

సరే వస్తానన్నాడు. ఆ సరేలో సగమే మనసుంది.

ఆస్పత్రిలో చేరాల్సిన పొద్దున చిట్టి కౌంటరు దగ్గర నిలబడి ఉంది. ఆయన కుర్చీల హాల్లో కూర్చుని ఉన్నాడు. ఛాతీలో అక్క తిరుగుతూనే ఉంది, ఈ పూట మరీ హడావుడిగా. పంపించెయ్యకు అన్నట్టే ఉంది ఆయన చెవికి. కన్నతల్లి తర్వాత తల్లంతటిది, తనే ఆమెను సూదులు పెట్టి తరిమించడమా? చిట్టి వీపు ఇటుంది. చప్పుడు లేకుండా నడవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. లేచాడు, తలుపు దాకా వెళ్లాడు, చెయ్యి కూడా వేశాడు.

వెనక నుంచి అక్క నడిచొచ్చింది.

ఛాతీలోంచి కాదు, హాల్లోంచి. గిరుక్కున తిరిగాడు. గోడకు ఎత్తున బిగించిన టీవీలో పాత దయ్యం సినిమా ఏదో వస్తోంది. మూసిన తలుపు, దాని అవతల అడుగులు. హాల్లో ఉన్నవాళ్లు మాటలు ఆపేశారు. ఒకావిడ పిల్లను ఒళ్లోకి లాక్కుంది. సెక్యూరిటీ వాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ఒకటి. దాని వెంట ఇంకొకటి. ఏమీ లేదు. మూడోది. ఆ తర్వాత చెక్క మీద కుడికాలి ఈడ్పు.

అదే రికార్డింగు. ఆఖరిది. తను ఎన్నడూ మళ్లీ వినలేక తప్పించుకు తిరిగినది. ఇన్నాళ్ల తర్వాత విన్నప్పుడు ఆ నడకలో ఆయనకు దయ్యం దొరకలేదు. ఒంట్లో బాగోలేని ఓ ఆడమనిషి దొరికింది. ఊపిరి అందక, మోకాళ్లు సహకరించక, తన నాడి ఎందుకిలా తప్పుతోందో తెలియక, ఎవరికీ చెప్పక, దాన్నే పట్టుకుని, దాంతోనే పని చేసి బిడ్డనూ తమ్ముణ్ణీ సాకిన మనిషి. జనమంతా భయపడి చప్పట్లు కొడుతుంటే ఆ మనిషి జబ్బుతో నడుస్తోంది. ఆ ఈడ్పు తర్వాత తను అన్న మాటను సినిమాలో కోసేశారు. హాల్లో ఆయన ఒక్కడికే అది వినబడింది.

పక్కనే వెళ్తున్న నర్సుతో, "అమ్మా, ఆ టీవీ కాస్త కట్టేస్తావా?" అన్నాడు.

"భయమేస్తోందా బాబాయ్ గారూ?" అని నవ్వింది ఆ పిల్ల.

"అవునమ్మా" అన్నాడు. వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. చిట్టి తిరిగి చూసేసరికి కుదురుగా చేతులు కట్టుకుని ఉన్నాడు.

లోపలి గది చల్లగా ఉంది. ఆయనకు నొప్పి తెలియకుండా మగతకు మందిచ్చారు. ఎవరెవరో ముసుగులేసుకుని తిరుగుతున్నారు. పక్కన తెర మీద ఆయన గుండె బొమ్మ రంగురంగుల్లో మెల్లగా తిరుగుతోంది. గొట్టం కొస అందులో ఎక్కడో తారాడుతోంది. ఛాతీలో వెచ్చగా, లోతుగా ఓ సలుపు వచ్చి పోతోంది. మిషను కీచులు వింటూ మగతలో పడుతూ లేస్తూ ఉన్నాడు. ఒకటి, వెంటనే ఇంకొకటి, ఏమీ లేదు. బల్లల మీద అక్క వెళ్తోంది. వీపు కనబడుతోంది. మణికట్టు పట్టుకునే ఉంది. "కూర్చో అక్కా, ఇక చాల్లే" అన్నాడు. పైకి అన్నాడో లోపలే అనుకున్నాడో తెలియదు. అక్క తలుపు దగ్గర ఆగింది. చెయ్యి వదిలేసి, మేకు మీది గాజులు తీసి వేసుకుంది. ఆ తర్వాత మిషను ఒకటే తీరుగా కీచుమంటూ పోయింది, గడియారం కన్నా విసుగ్గా. ఎవరో "లయ వచ్చేసింది" అన్నారు.

మచ్చలు మానేదాకా, మూడు నెలల వరకు, మధ్యమధ్య మళ్లీ రావచ్చని డాక్టరు ముందే చెప్పింది. వచ్చింది కూడా. వచ్చినప్పుడల్లా "వచ్చావా" అనేవాడు, అంతకుమించి మాట్లాడేవాడు కాదు. కొన్నాళ్లకు రాకలు పలచబడ్డాయి. ఆ తర్వాత లేవు. మధ్యాహ్నం ఎడమవైపు తిరిగి పడుకుని కాచుకుని ఉండేవాడు. దిండులో తన గుండె తప్ప ఇంకేమీ లేదు. మెట్లెక్కినా ఊపిరి అందుతోంది, కోర్టు మెట్లు హీరోతో సమానంగా దిగుతున్నాడు, మాత్ర వేళకు వేసుకుంటున్నాడు. అందరూ రంగు తేలావన్నారు. ఇంట్లో మాత్రం ఆ నిశ్శబ్దం ఆయన్ని పీక్కుతింది. అక్క రెండోసారి పోయింది, ఈసారి తనే సాగనంపాడు. ఒక రోజు వంటగదిలో పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

దయ్యాల దర్శకుడు మళ్లీ వచ్చాడు. కథలో దయ్యం వసారాలో ఇంకోసారి నడవాలట. చెప్పులాయన మణికట్టు పట్టుకుని నడిచాడు. దర్శకుడి ముఖం మాడిపోయింది.

"ఇదేంటండీ, బ్యాంకు మేనేజరు వాకింగుకెళ్తున్నట్టుంది! పోనీ మీ అక్కగారి పాతవే..."

"అవి ఇక ఇవ్వనండి. అది జబ్బు మనిషి నడక."

దర్శకుడు ఏదో అనేలోపు అద్దం అవతల చిట్టి లేచింది. లోపలికొచ్చి, చేతి గడియారం తీసి, మేకుకు గాజుల పక్కన తగిలించింది. అరలోంచి నల్ల చెప్పులు తీసి తొడుక్కుంది. కొలిచి కుట్టించినట్టు సరిపోయాయి.

"నేను నడుస్తా. నువ్వెళ్లి కూర్చో మామయ్యా" అంది.

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. కొన్ని కుటుంబాల్లో వస్తుంటుందని ఆ రోజు డాక్టరన్న మాట ఇన్నాళ్లూ ఆయన్ని లోపల్లోపల కొరుకుతూనే ఉంది. చిట్టిని ఒకసారి చూపించుకోమందామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది, జవాబు వినే ధైర్యం లేక మింగేశాడు. చిట్టి కూడా అడగలేదు. ఆమె ముఖం చూస్తే ఇప్పుడు తెలిసింది, ఆమె కూడా మింగుతూనే ఉందని. ఈ నడక దర్శకుడి కోసం కాదు.

కాళ్లీడ్చుకుంటూ వెళ్లి, ఇన్నేళ్లుగా కూర్చోని కుర్చీలో కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. అద్దం అవతల అక్క చెప్పుల్లో అక్క కూతురు, ఎడమ మణికట్టు కుడిచేతిలో. మీట నొక్కాడు.

అడుగు పడింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. రెండోది పడింది. ఇదిగో, ఇప్పుడే ఆగుతుంది, ఇప్పుడే. మూడోది పడాల్సిన చోటే పడింది. నాలుగోది కూడా. అయిదోది ఎక్కడ పడుతుందో ఆయన చెవికి ముందే తెలిసింది, అక్కడే పడింది. బల్ల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, తిరిగి వెనక్కి, ఒక్కటీ తప్పిపోలేదు. ఎంత బుద్ధిమంతమైన నడకో! ఎవరూ కుర్చీ చెయ్యి పట్టుకోనక్కర్లేని నడక.

దర్శకుడు నెత్తి కొట్టుకున్నాడు. "లాభం లేదండీ. ఈ నడకకి పిల్లలు కూడా భయపడరు. నేను బయటికెళ్లి టీ తాగొస్తా" అని వెళ్లిపోయాడు.

చిట్టి చెయ్యి వదల్లేదు. అద్దంలోంచి మామయ్య వంక చూసి, ఎలా ఉందన్నట్టు గడ్డం ఎగరేసింది.

"రేపు డాక్టరు గారి దగ్గర కూడా ఒకసారి చూపించుకుందాం. అక్కడా ఇలాగే ఉంటుంది" అన్నాడు మైకులో.

"సరే. ఇప్పుడు దిగనా?"

ఆయన కళ్ల ముందు అద్దం మసకబారింది. మీట మళ్లీ నొక్కాడు.

"ఇంకోసారి" అన్నాడు.

చిట్టి మళ్లీ మొదటి నుంచి నడిచింది.